అలివేలు అను పేరు

ఈ స్మారకనిధిని నెలకొల్పిన కుటుంబమువారు ఉపన్యాసకునకు విధించిన నియమములు రెండు మాత్రమే. చెప్పబోవు విషయము ఈ సీమ భాషకో చరిత్రకో సంబంధించినదై యుండవలెనన్నది మొదటిది. ఎవరి జ్ఞాపకార్థము ఈ నిధి ఏర్పడినదో ఆ తల్లి గుణగణములను వర్ణింపరాదన్నది రెండవది. ఆమెను ఎఱిగినవారు ఇందఱు ఎదుట కూర్చుండియుండగా రెండవ నియమమును పాటించుట కొంత కష్టమైన పని. అందుచే మధ్యేమార్గ మొకదానిని వెదకికొని, ఆమెను విడిచి ఆమె పేరును పట్టుకొంటిని. ఇంటిపేరును ప్రకటింపవలదని వారు కోరినందున దానిని చెప్పను. పెట్టిన పేరు అలివేలమ్మ. చీరాలలో పుట్టి పెరిగినవారికి ఈ పేరు వినబడినంతనే మఱియొక అలివేలమ్మ, పన్నుల పోరాటమునాటి రావూరి అలివేలు మంగతాయారమ్మ, తలపునకు రాక మానదు. ఆమె మాట తరువాత చెప్పెదను. అంతకుముందు, మగ్గపు గుంటలయొద్దను, మిరపకల్లములలోను, పత్తిచేలలోను, రైలుపెట్టెలలోను దినదినము వినబడు ఈ నాలుగక్షరముల పేరు ఎచ్చట పుట్టి, ఏ త్రోవను ఇచ్చటికి చేరి, ఎట్టి రూపములు దాల్చినదో విచారింపవలసియున్నది.

పేరుల యర్థమును గూర్చి మనకు ఒక విచిత్రమైన తొందర కలదు. శిశువునకు పేరు పెట్టదలచినవారు పంచాంగమును, పురోహితుని, ఇప్పుడు అంగడిలో దొరకు పేరుల పుస్తకమును సంప్రదించి, సంస్కృతవ్యుత్పత్తి చెప్పదగిన పేరు దొరికినగాని తృప్తి పడరు. వ్యుత్పత్తి చెప్పరానిదానిని మోటుపేరని త్రోసివేయుదురు. అలివేలు ఈ పరీక్షలో తప్పిపోయిన పేరులలో నొకటి. సంస్కృతనిఘంటువున వెదకినచో దొరకదు. తెలుగువాడు తన తెలుగుతో విప్పజూచినచో 'అలి' యొకవైపునకును, 'వేలు' మఱియొకవైపునకును పోయి రెండును కలియవు. అయినను ఇంతటి స్పష్టమైన అర్థము గల పేరు మన స్త్రీనామములలో అరుదని నా అభిప్రాయము.

దీని పూర్వరూపము 'అలర్మేల్మంగై'. మూడును అచ్చమైన ద్రావిడపదములు. అలర్ అనగా పుష్పము. మేల్ అనగా మీద. మంగై అనగా పడుచు. పువ్వుమీది పడుచు అని అర్థము. నమ్మాళ్వారుల తిరువాయ్మొళిలో ఆఱవ పత్తునందలి పదియవ దశకము తిరుమల స్వామిని గూర్చినది. దాని పదియవ పాశురమున ఈ సమాసము కనబడును. శ్రీవైష్ణవులు శరణాగతికి పరమప్రమాణముగా ఎన్నుకొనిన పాశురమిది. అచ్చట ఆళ్వారులు పిలుచుచున్నది అమ్మవారిని గాదు. అమ్మవారు ఎవని ఱొమ్మున నివసించుచున్నదో ఆ స్వామిని. అనగా, ఈ పేరు మనకు తెలిసినంతలో మొదట వినబడినచోట స్వామికి చేసిన సంబోధనములో ఒక తునుకగా, విశేషణభాగముగా మాత్రమే వినబడినది. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెనని నా ప్రార్థన; ఏలయన, తరువాతి వేయియేండ్లలో ఈ పేరునకు జరిగిన మార్పులన్నింటిలో ముఖ్యమైనది ధ్వనిమార్పు గాదు. సమాసములో ఇమిడియున్న ఆ భాగము విడివడి, తనంత తాను నిలుచు స్త్రీనామ మగుటయే ముఖ్యమైన మార్పు.

ఏ పువ్వో ఆళ్వారులు చెప్పలేదు. శ్రీసూక్తము మొదలుకొని లక్ష్మికి కమలమే ఆసనము గనుక వ్యాఖ్యాతలకు సందేహము కలుగలేదు, మనకును కలుగనక్కఱలేదు. మంగై అను మాటను మాత్రము తేలికగా దాటరాదు. తమిళులు స్త్రీవయస్సును ఏడు దశలుగా విభజించి పేదై, పెదుంబై, మంగై, మడందై, అరివై, తెరివై, పేరిళంబెణ్ అని పేరులిడినారు. అందు మంగై పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయమునకు చెల్లును. జగన్మాతను ఆ ప్రాయపు పిల్లగా చూడగలుగుట ఆళ్వారుల భక్తిలోని చనువు. ఆ పిల్లపేరునే మనము మన తల్లులకును, తాతమ్మలకును 'అమ్మ' చేర్చి పెట్టుకొని, ఎనుబదేండ్ల ముదుసలిని సయితము మంగమ్మయని పిలుచుచున్నాము.

ఈ మూడు పదములును తమిళులసొత్తే యనుకొనుట పొరపాటు. 'అలరు' అను నామము పుష్పార్థమున మన కావ్యభాషలో సుప్రసిద్ధము. మన్మథుడు అలరువిలుకాడు, స్త్రీ అలరుబోడి. అలరుట, అలరారుట, అలరించుట అను క్రియలు నేటికిని పత్రికాభాషలో జీవించియున్నవి. సంగీతకచేరీ సభ్యులను అలరించెనని వ్రాయు విలేకరి తన వాక్యమున ఒక పువ్వు దాగియున్నదని తలంపడు. 'మేల్' అనునది పై యను అర్థమున మేల్కట్టులోను, మేలుముసుగులోను నిలిచియున్నది. కావున ఆళ్వారుల సమాసమును తెలుగునకు పరభాషాపద మనుటకంటె దాయాదుల ఇంటినుండి వచ్చిన కోడలనుట మేలు. మంగ యొక్కటే మనకు తెలియని మాట. దానిని మనవారు మంగళశబ్దముతో ముడివేసి, మంగళసూత్రము, మంగళహారతి, మంగళగౌరి, చేరువనే యున్న మంగళగిరి, వీనితో బంధుత్వము కల్పించి తమదిగా చేసికొనిరి. శాస్త్రదృష్టితో ఇది తప్పు. ఆచారదృష్టితో మంగమ్మ యను పేరునకు మన ఇండ్లలో దక్కిన గౌరవము ఈ తప్పువలననే దక్కినది.

ఇక అమ్మవారి నివాసమునుగూర్చి ఒక మాట. పేరును బట్టి ఆమె పువ్వుమీద నుండవలెను; పాశురమును బట్టి స్వామి వక్షఃస్థలమున నుండవలెను; భక్తుడు దర్శింపబోవుట తిరుచానూరునకు. తిరుమలలో మూలమూర్తి ఱొమ్మున వ్యూహలక్ష్మి కలదు, శుక్రవారపు టభిషేకము ఆమెకును జరుగును. కాని ప్రత్యేకాలయము కొండక్రింద తిరుచానూరులోనిది. ఆ ఊరికే అలమేలుమంగాపురమని నామాంతరము. వేంకటాచలమాహాత్మ్యమునందలి కథ ఇంకొక పేరును తెచ్చినది: బంగారునాగలితో దున్నుచుండగా పద్మమున దొరకిన శిశువు, నారాయణవనమున ఆకాశరాజు ఇంట పెరిగిన పద్మావతి. అలమేలుమంగయు పద్మావతియు నేడు ఒకే దేవికి పర్యాయపదములైనవి. అయినను ఒకటి పాశురములో పుట్టినపేరు, మఱియొకటి పురాణములో పుట్టినపేరు. ఒకదానిలో ఆమెకు కథ లేదు, చోటు మాత్రమే కలదు. రెండవదానిలో తండ్రి, ఊరు, పెండ్లి, కట్నకానుకలు, స్వామి చేసిన అప్పు, అన్నియు గలవు. ఈ భేదమును ఉత్తరోత్తర మన ఇండ్లలో పేరులు పెట్టువారు, తెలియకయే, ఎట్లు పాటించిరో చూడనగును.

తెలుగుభాషలో అలమేలుమంగకు నిండుజీవితము నిచ్చినవాడు తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503). ఆయన శతకమున ఆమెను కీర్తించెను. సంకీర్తనములలోనైతే ఆమె అలుగును, సొమ్ములు పెట్టుకొనును, చెలికత్తెలతో మాటలాడును, స్వామిని సాధించును, స్వామిచే బ్రతిమాలించుకొనును. ఆళ్వారుల విశేషణము ఆయన చేతిలో నాయిక యైనది. ముప్పదిరెండువేలని చెప్పు సంకీర్తనములలో మనకు దక్కినవి పదునాలుగువేలకు లోపున నుండును. ఆ రాగిరేకులు తిరుమల ఆలయములోని సంకీర్తనభాండారమున తరములకొలది మఱుగుపడియుండి, ఇరువదియవ శతాబ్దియందు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగువారి కృషిచే వెలువడినవి. నేడు ఆకాశవాణిలో అన్నమయ్య పాట వినుచు, ఈ పేరు మనకు ఆయనద్వారా వచ్చినదనుకొనువారు కలరు. కాలము దానికి అంగీకరింపదు. రేకులు భాండారమునుండి వెలికిరాక పూర్వమే మన సీమలో ముసలమ్మలు అలివేలమ్మలై యుండిరి. రావూరివారి అలివేలమ్మ 1921 నాటికే చరిత్రకెక్కినది.

మఱి ఎట్లు వచ్చినది? నాకు తోచిన త్రోవలు మూడు. ఆలయములలో ద్రావిడప్రబంధమును వల్లించు శ్రీవైష్ణవాచార్యులును, వారియొద్ద సమాశ్రయణము పొందిన గృహస్థులును ఒక త్రోవ. ఈ త్రోవను వచ్చిన పేరులన్నింటికిని ఒకే పోలిక యుండును: నాచ్చియార్ నాంచారమ్మ యైనది, ఆండాళ్ ఆండాళ్ళమ్మ యైనది, తాయార్ తాయారమ్మ యైనది. అర్థము విడిచి, ధ్వనిని పట్టుకొని, చివర అమ్మను తగిలించుట వీని లక్షణము. తాయార్ అనగానే తల్లిగారని అర్థము. దానికి అమ్మ చేర్చి, ఆమెను ఉద్దేశించి వ్రాయునపుడు గారు చేర్చి తాయారమ్మగారందుము గదా, ఒక్క పిలుపులో రెండు తల్లులును రెండు గౌరవములును చేరినవి. మన మర్యాదకు లోటులేదు.

రెండవ త్రోవ సాలెవారిది. చీరాల, పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెము, వేటపాలెము, ఈ ఊళ్ళకు మగ్గమే ప్రాణము. జాండ్రపేట పేరులోనే జాండ్రవారు, అనగా నేతగాండ్రు, కలరు. పద్మశాలీలు తమ వంశమును భావనాఋషితో ముడిపెట్టి, విష్ణునాభియందలి తామరతూడు దారముతో దేవతలకు వస్త్రము నేసినవారమని చెప్పుకొందురు. పద్మావతీదేవిని తమ ఇంటి ఆడపడుచుగా భావించి, ఆడపడుచునకు పుట్టింటివారు పెట్టు చీర పెట్టుట తమ విధిగా తలంతురు. చీర నేయువాని ఇంట అమ్మవారి పేరు పెట్టుకొనుటకు వేఱు కారణ మక్కఱలేదు. తామరతోడి చుట్టఱికమే చాలును. ఈ సీమ నేతను గూర్చి ప్రసక్తి వచ్చినది గనుక చెప్పుచున్నాను: నూనెలో నానబెట్టి చిట్కికట్టి అద్దిన దారముతో ఇచ్చట నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బుదేశములకును ఆఫ్రికాకును పోయి, అచ్చట వేఱు పేరులతో చెలామణి యైనవి. ఓడ దిగినచోటనెల్ల అవి కొత్తపేరు దాల్చినను, నేసినవాని ఇంట రుమాలు రుమాలే.

మూడవది మ్రొక్కు. పిల్లలు నిలువని ఇంట, ఏడుకొండలవానికి మ్రొక్కి, తలనీలాలిచ్చి, మగబిడ్డ పుట్టినచో ఏడుకొండలని, ఆడుబిడ్డ పుట్టినచో అలివేలని పేరు పెట్టుట గుంటూరు, ప్రకాశము పల్లెలలో మిక్కిలి సాధారణము. అన్న ఏడుకొండలు, చెల్లెలు అలివేలు అయిన ఇండ్లు పట్టుకొని లెక్కింప నక్కఱలేదు. ఏ ఓటర్ల జాబితా తెఱచినను కనబడును. పూర్వము తిరుపతి ప్రయాణము బండ్లమీదను, కాలినడకను. 1899లో బెజవాడ మదరాసు రైలుమార్గము పూర్తియగుటతో చీరాలవారు ఇంటికి దగ్గఱనే రైలెక్కి గూడూరుమీదుగా తిరుపతి చేరు సదుపాయ మేర్పడినది. జీవితమున ఒక్కమాఱు చేయు యాత్ర ఏటేట చేయగల యాత్ర యగుటచే మ్రొక్కులును హెచ్చినవి, మ్రొక్కుపేరులును హెచ్చినవని ఊహించుట తప్పుకాదు. పేరుల చరిత్రలో ఆళ్వారులతోపాటు రైలుబండికిని కొంత స్థానమీయవలెను.

ఇక రూపముల మాట. అలర్మేల్ అనుటలో రేఫము మకారముతో తాకి జాఱిపోయి అలమేలు ఏర్పడినది. తమిళులు నేటికిని అచ్చటనే నిలిచియున్నారు; వారి పల్లెలలో అలమేలు సర్వసాధారణమైన పేరు. తెలుగువారు ఇంకొక అడుగు వేసిరి. అచ్చులనడుమ మకారము వకారమగుట మన వాడుకకు సహజము: మామిడి మావిడి యగును, చెమట చెవట యగును. ఆ విధమున అలమేలు అలవేలై, నడిమి అకారము ఇకారమై అలివేలైనది. ఈ ఇకారమునకు కారణమేమి? తుమ్మెదలబారువంటి జడ గల స్త్రీ అలివేణి. పదములలోను, జావళులలోను, పెండ్లిపాటలలోను పరిచితమైన సంబోధనము. అలవేలను వినిన తెలుగుచెవి అలివేణిని తలచి, తెలిసిన మాటవైపునకు తెలియని మాటను లాగికొన్నదని నా తలంపు. పువ్వు పోయి తుమ్మెద వచ్చినదన్నమాట. అలువేలు, అల్వేలు, అలివేలి అను రూపములును వినబడును. కూలివారి మస్టరులో వ్రాయు మేస్త్రీ చెవిని బట్టియు, బడిలో చేర్చుకొను పంతులు చేతిని బట్టియు ఇవి స్థిరపడినవి. ఒకే స్త్రీ ఒక కాగితములో అలివేలమ్మ, మఱియొకదానిలో అలమేలమ్మ, బ్యాంకు పుస్తకములో మంగమ్మ యై, తాను తానేయని నిరూపించుకొనుటకు కార్యాలయమునుండి కార్యాలయమునకు తిరుగుట నేటి కాలపు కష్టము. వ్రాతపనివాడు సరిదిద్దెదనని చేసిన ఒక్క అక్షరపు మార్పు పింఛనునకు అడ్డు వచ్చుట ఎఱుగని పల్లె యుండదు.

అలివేలు మంగతాయారు అను నిండుపేరు బారసాలనాడు బియ్యములో వ్రాయుటకే గాని పిలుచుటకు గాదు. పిలుచునపుడు అది తునుకలగును. ఒక్కొక్క తునుకను ఒక్కొక్క ఇల్లు పంచుకొనును. పుట్టింటిలో అలివేలు, మెట్టినింట మంగమ్మ, ఇరుగుపొరుగులో తాయారు. మేనకోడండ్రకు మంగత్త, అక్క పిల్లలకు తాయారు పిన్ని. ఇందులో ఇంకొక చిక్కు కలదు. తల్లి పేరును కూతురికి పెట్టుకొనుట కొడుకు ముచ్చట. అత్తపేరును నోట పలుకరాదనుట కోడలి మర్యాద. నాయనమ్మ అలివేలమ్మ యైన ఇంట పుట్టిన మనుమరాలు కాగితముమీద అలివేలు. ఆ బిడ్డను కన్నతల్లి మాత్రము జీవితాంతము అమ్మాయీ, పాపా, బుజ్జీ యనియే పిలుచును. దేవతకు మ్రొక్కి, పెద్దలను స్మరించి, ఇంత శ్రమపడి పెట్టిన పేరు, ఆ పేరును అందఱికంటె ఎక్కువ మాఱులు పిలువవలసిన నోటికి నిషిద్ధమై పోవుట మన కుటుంబవ్యవస్థలోని చమత్కారము. చదువుకొన్న కోడండ్రు ఈ నిషేధమును సడలించుచున్నారు. అత్తలును నవ్వి ఊరకుందురు.

ఈ పేరు తెలుగు తమిళములకే పరిమితముగాదు. కన్నడసీమలో అలమేలమ్మ యనగానే తలకాడు శాపము జ్ఞప్తికి వచ్చును. 1610లో మైసూరు రాజ ఒడయరు శ్రీరంగపట్టణమును ఆక్రమించినపుడు, అచ్చటి విజయనగర రాజప్రతినిధి భార్య అలమేలమ్మ తన నగలను రాజభటులకు వశము చేయక, తలకాడు ఇసుకపాలగునట్లును, మాలంగి మడుగగునట్లును, మైసూరు రాజులకు సంతు లేకుండునట్లును శపించి కావేరిలో దూకెనని కథ. శాపము మాట ఎట్లున్నను, ఆ రాజవంశము ఆమెను దేవతగా నెలకొల్పి, దసరాయందు అర్చించుట నేటికిని నిలిచిన ఆచారము. వారికి ఎదురునిలిచిన స్త్రీయే వారి పూజామందిరమున చేరినది.

ఇప్పుడు చీరాలకు వత్తము. 1919లో మదరాసు ప్రభుత్వము చీరాల పేరాలలను కలిపి పురపాలకసంఘముగా చేసి, నేతగాండ్రును చిల్లర వర్తకులును ఎక్కువగా గల ఈ ఊరిమీద మునుపటి పన్నునకు అనేక రెట్లు మోపినది. తమకు అక్కఱలేని ఈ హోదాను తొలగింపుమని ప్రజలు కోరిరి, ప్రభుత్వము వినలేదు. ప్రజలు పన్ను కట్టమనిరి. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు రామదండును కూర్చి ఈ పోరాటమును నడిపిరి. 1921 ఏప్రిలులో, బెజవాడ కాంగ్రెసు సభల పిమ్మట, గాంధీమహాత్ముడు ఇచ్చటికి వచ్చి, అహింసతో పన్ను నిరాకరించుట యొకటి, పురపాలకపు హద్దులు విడిచిపోవుట యొకటి, మార్గములు రెండని చెప్పెను. ఆ నెల చివరనే, మండుటెండలలో, వేలకొలది జనము ఇండ్లు విడిచి ఊరివెలుపల పాకలు వేసికొని దానికి రామనగరమని పేరిడి, ఇంచుమించు పదునొకండు నెలలు అచ్చటనే కాపురముండిరి. ఈ చరిత్ర మీలో ప్రతివారికిని తెలిసినదే. విస్తరించి చెప్పుట చీరాలవారికి చీరలు చూపుట వంటిది.

పన్ను నిరాకరించి శిక్షపడినవారిలో ఒక్క స్త్రీ కలదు. ఆమెయే రావూరి అలివేలు మంగతాయారమ్మ. రాజకీయకారణమున ఈ దేశమున చెఱకేగిన స్త్రీలలో ఈమెయే ప్రథమురాలని ఉద్యమచరిత్రకారులు చెప్పుదురు. దేశమంతట స్త్రీలు వందలుగా, వేలుగా చెఱలు నింపినది 1930లో, ఉప్పుసత్యాగ్రహమున. దానికి ఎన్నియో యేండ్లు ముందుగా, చీరాల వీధిలో, ఇంటిపన్ను కట్టననిన ఒక గృహిణి శిక్ష అనుభవించినది. ఆమెనుగూర్చి మనకు దక్కినది ఆ శిక్షయు, ఆ పేరును మాత్రమే. ఆ పేరునైనను గ్రంథకర్తలు ఒక్కతీరుగ వ్రాయలేదు. ఒకరు అలమేలుమంగ తాయారమ్మ యందురు, ఒకరు అలివేలమ్మ యందురు. ఆంగ్లమున వ్రాసినవారు పదములనన్నింటిని ఒకే గొలుసుగా పేర్చి, చదువువాని నాలుకకు పరీక్ష పెట్టిరి.

ఇది చిన్నమాటగా కనబడవచ్చును గాని నాకు పెద్దదిగనే తోచుచున్నది. అలివేలును అలమేలుమంగగా దిద్దినవారు పండితులు. వారికి మూలరూపము తెలియును, తెలిసినదానిని ఊరక యుంచుకొనజాలరు. ఆ దిద్దుబాటు ఒక్క మెట్టుతో ఆగదు. అలమేలుమంగయే మూలమన్నచో అలర్మేల్మంగై దానికిని మూలము. అచ్చటినుండి సంస్కృతమునకు పోవుదమన్నచో పద్మావతి. నిజముగ మన ఇండ్లలో జరిగినదదియే. నాయనమ్మ అలివేలమ్మ, మనుమరాలు పద్మావతి, మునిమనుమరాలు పద్మజ. పేరు నిలిపితిమని వారు సంతోషింతురు. పేరు నిలువలేదు, అర్థము నిలిచినది. అదియును ముత్తవ తన పేరులో ఎన్నడును వినియుండని అర్థము. ఇంతలో సినిమావారు అలివేలు, మంగతాయారు అను పేరులను నవ్వు పుట్టించు పాత్రలకు కేటాయించిరి. మంగమ్మకు మాత్రము వారు కొంత మర్యాద చేసిరి. 1965 నాటి 'మంగమ్మ శపథం'లోను, 1984 నాటి 'మంగమ్మగారి మనవడు'లోను ఆ పేరు తలయెత్తుకొని నిలిచినది. కాని పేరు పెట్టుటకు సినిమా చూచువారు శపథము చేసిన మంగమ్మను గాక, ఆ చిత్రములో నటించినవారి పేరులను ఎన్నుకొందురు.

ఊళ్ళపేరులకును ఈ దిద్దుబాటు తప్పలేదు. చీరాలకు పూర్వనామము క్షీరపురి యని పెద్దలు చెప్పుకొందురు. చీరవలననే చీరాల యని సామాన్యులు చెప్పుదురు. పాలా, చీరలా యను తగవును నేను తీర్పబోను. క్షీరపురి యని శుభలేఖలో అచ్చువేయించుకొన్నవారు సయితము టిక్కెట్టు చీరాలకే కొందురు. జనము పిలిచిన పేరునకు రైల్వేవారు బల్ల కట్టిరి. పండితులు పిలిచినదానికి కట్టలేదు. మిరపకాయ చరిత్రయు ఇట్టిదే: సముద్రములు దాటి పోర్చుగీసువారి వెంట వచ్చిన కాయకు, మనకు ముందే తెలిసిన మిరియమును పోల్చి మనవారు పేరు పెట్టిరి, వృక్షశాస్త్రజ్ఞుడు మిరపకు మిరియమునకు చుట్టఱికము లేదని ఎంత చెప్పినను, గుంటూరు యార్డులో మిరప మిరపయే. అలివేలును అట్లే చూడవలెనని నా వాదము. అది అలర్మేల్మంగైకి పాడైన రూపము గాదు. ఆళ్వారుల పాశురమునుండి బయలుదేరి, చీరాల మగ్గముల నడుమ తెలుగుపేరుగా స్థిరపడిన పేరు.

తొలుత చెప్పిన సంగతిని ఇచ్చట మరల తలపవలసియున్నది. పాశురములో ఆ మూడు పదములు స్వామి వర్ణనకు ఉపకరణములు. ఆమె ఎవరిదో, ఎచ్చట నున్నదో, అంతవఱకే. అన్నమాచార్యుడు ఆమెకు మాటయు కోపమును ఇచ్చెను. అయినను ఆయన ప్రతి సంకీర్తనమును వేంకటేశుని ముద్రతోనే ముగియును. తెలుగుపల్లెలో అలివేలమ్మా యని పిలిచినపుడు మాత్రము వేంకటేశుని ప్రసక్తి లేదు, వక్షఃస్థలము లేదు, పువ్వుకూడ లేదు. పిలుపునకు పలికిన స్త్రీ యొక్కతెయే కలదు. సమాసము విఱిగి, విభక్తి పోయి, అర్థము మఱుగుపడి, చివరకు మిగిలినది ఆమె. వ్యుత్పత్తికారులు దీనిని నష్టమని లెక్కింతురు. 1921 నాటి శిక్షపడినవారి జాబితాలో ఎవరి భార్యగానో, ఎవరి తల్లిగానో గాక తన పేరుతో చరిత్రకెక్కిన ఒక స్త్రీ పట్టణమున నిలుచుండి దానిని నష్టమనుటకు నాకు నోరు రాదు.

ఈ సందర్భమున ఈ ఊరి పెద్దలకు ఒక విజ్ఞప్తి. శతాబ్ది గడచినను, పోరాటనాయకులకు ఇచ్చటగల స్మృతిచిహ్నములతో పోల్చి చూడగా ఆమెకు జరిగినది స్వల్పము. ఎన్నడైన ఆమె పేర శిలాఫలకము వేయింపదలచినచో, ఏ రూపము చెక్కింపవలెనను ప్రశ్న తప్పక వచ్చును. పండితుడొకడు అలర్మేల్మంగై యనును, కార్యాలయమువారు కాగితములో నున్నదే చెక్కవలె ననుదురు. రావూరి అలివేలు మంగతాయారమ్మ అని నిండుగ పై పంక్తిలోను, దానిక్రింద, అంతే పెద్ద అక్షరములతో, అలివేలమ్మ అనియు చెక్కింపుడు. రాతిపనివానికి రెండు పంక్తులకు కూలి కొంత హెచ్చగును. ఈ నిధివారు దానిని భరించుటకు సమ్మతించినట్లు నాకు ఈ ఉదయమే తెలియజేసిరి.